ఆమెకు తెలుసు

పొద్దున వంటింట్లో రెండే కప్పుల టీ తయారైంది. ఒకటి నాన్నకి, ఒకటి అమ్మకి. కూతురు పిచ్చుక గిన్నె వంచి చూసింది. అడుగున టీ పొడి తప్ప ఏమీ లేదు.

చిన్నప్పుడు బక్కగా ఉండి ఒకటే వాగేదని నాన్న పెట్టిన పేరు అది. ముప్ఫై దాటినా ఇంట్లో అదే పిలుపు. బయట మాత్రం, ప్రభుత్వ ఖర్చుల మీద పరిశోధన చేసే సంస్థలో ఆమె మాటకి విలువుంది. మొన్న ఒక టీవీ చర్చలో, బడులకిచ్చే డబ్బేదో తల్లిదండ్రుల చేతికే ఇవ్వాలనీ, పిల్లల్ని ఎక్కడ చదివించాలో వాళ్ళే తేల్చుకుంటారనీ, ఎవరికీ నచ్చని బడి మూతపడితే నష్టం లేదనీ చెప్పింది. అక్కడితో ఆగినా బాగుండేది. ఎదుటి మనిషి రెచ్చగొట్టేసరికి నోరు జారింది.

"మా అమ్మ ప్రభుత్వ బడిలో హెడ్మిస్ట్రెస్. నన్ను మాత్రం ప్రైవేటు బడిలో చదివించింది. ఎందుకంటే, లోపల ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు."

ఆ ముక్క ఒక్కటీ కత్తిరించి ఊరంతా ఫోన్లలో తిప్పుకున్నారు. ఇవాళ అమ్మ బడిలో తల్లిదండ్రుల సమావేశం. సగం మంది టీసీలిమ్మని అడుగుతున్నారు. పిల్లలు ఇంకాస్త తగ్గితే ఆ బడిని ఎత్తేసి వేరే బడిలో కలిపేస్తారు.

"నాకు టీ లేదా?" అంది పిచ్చుక.

"బజార్లో బోలెడు కొట్లున్నాయి. నచ్చిన చోట కొనుక్కో. నువ్వు చెప్పేది అదేగా" అంది అమ్మ, వాచీ పెట్టుకుంటూ.

నాన్న తన కప్పు మెల్లగా కూతురి వైపు జరిపాడు. ఆయనది ఫోటో స్టూడియో. ఎంత ముటముటలాడే మొహాన్నయినా నవ్వించడం ఆయన వృత్తి. "పోటీ ఉంటే మంచిదే. ఈ ఇంట్లో ఇంకో టీ కొట్టు ఉండుంటే నేనూ బాగుపడేవాణ్ణి."

"మీరు ఊరుకోండి" అంది అమ్మ.

"నువ్వుండు నాన్నా" అంది పిచ్చుక. "అమ్మా, నేనేమైనా అబద్ధం చెప్పానా? పిల్లలు వచ్చినా రాకపోయినా మీ జీతాలు ఆగవు. పక్క సందులో, మేడ మీద మూడు గదుల్లో నడిచే ప్రైవేటు బడిలో టీచర్‌కి నీ జీతంలో పావు వంతు కూడా రాదు. అయినా జనం కడుపు కట్టుకుని అక్కడే ఫీజులు కడుతున్నారు. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించావా?"

"రోజూ ఆలోచిస్తాను. టీచర్లని వెయ్యండంటే పిల్లలు తక్కువంటారు. పిల్లల్ని పంపండంటే టీచర్లు లేరంటారు. మూడు తరగతుల్ని ఒక్క గదిలో పెట్టుకుని గొంతు పోయేదాకా అరుస్తున్నాను. అది చెప్పావా టీవీలో?"

"అదే చెప్పాను. పైవాళ్ళు నీ మాట వినరు. డబ్బు చేతిలో ఉన్నవాడి మాటైతే వింటారు."

"నత్తిగా మాట్లాడే పిల్లాణ్ణి, ఏడాదంతా చెప్పినా అక్షరాలు పట్టుబడని పిల్లని ఏ కొట్టువాడూ రానివ్వడు. చివరికి వాళ్ళు నా దగ్గరికే వస్తారు. నేనూ లేకపోతే ఎక్కడికి పోతారు?"

"మాట మార్చకు. నన్నెందుకు పంపలేదు నీ బడికి?"

అమ్మ కూతురి మొహంలోకి సూటిగా చూసింది. "ఆ సంగతి నన్నడక్కుండానే లోకానికి చెప్పేశావుగా. ఇప్పుడెందుకు అడగడం? బడికి రా. వాళ్ళందరి ముందూ, నా ఎదురుగా నిలబడి మళ్ళీ అను."

"వస్తాను. నాకేం భయమా?"

బడిలో పెద్దవాళ్ళంతా పిల్లల బెంచీల మీద మోకాళ్ళు పైకి పెట్టుకుని ఇరుకిరుగ్గా కూర్చున్నారు. పిచ్చుక వెనక గోడకి ఆనుకుని నిలబడింది. లాండ్రీ నడిపే ఆవిడ నాన్చకుండా అడిగేసింది.

"మీ అమ్మాయినే పంపని బడికి మా పిల్లల్నెందుకు పంపాలి టీచరమ్మా?"

అమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"మొదట ఇక్కడే వేశాను. నా తరగతిలోనే. మిగతా పిల్లలు చిన్నబుచ్చుకుంటారని, బళ్ళో నన్ను అమ్మా అనకూడదు, టీచర్ అనాలని నేర్పాను. బుద్ధిగా నేర్చుకుంది. ఇంట్లోనూ అదే పిలుపు. పాలిస్తే 'చాలు టీచర్' అనేది. మేం నవ్వుకునేవాళ్ళం. ఒకసారి జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతుంటే ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను. కళ్ళు తెరిచి నన్ను చూసి, 'టీచర్, మా అమ్మని పిలవండి' అంది."

అమ్మ బల్ల మీది కళ్ళద్దాలు మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"తగ్గాక తీసుకెళ్ళి వేరే బడిలో వేశాను. ఈ బడి మంచిది కాదని కాదు. నా పిల్ల నాక్కావాలి. ఇంతే. ఈ సంగతి దానికీ చెప్పలేదు."

పిచ్చుకకి ఆ జ్వరం గుర్తు లేదు. ఈ గదీ గుర్తు లేదు. గోడని వదిలి రెండడుగులు ముందుకొచ్చింది.

"టీవీలో ఆమెకు తెలుసన్నాను. తెలియంది నాకే. అడగలేదు కూడా. ఆ మాట తప్పు. రేపు అక్కడే చెబుతాను." చేత్తో కళ్ళు తుడుచుకుంది. "మిగతాది నేనిప్పటికీ నమ్ముతున్నాను. మా అమ్మకి జీతముంది కాబట్టి నచ్చిన చోట చేర్చగలిగింది. ఆ వీలు మీకూ ఉండాలి. కానీ దానికి మా అమ్మ పరువు ఖర్చు పెట్టే హక్కు నాకు లేదు."

"వీలుంటే బాగానే ఉంటుంది తల్లీ" అంది లాండ్రీ ఆవిడ. "ఇప్పటికైతే మావాడికి ఎక్కాలు వచ్చింది ఇక్కడే. ఉండనీ."

అందరూ అలా అనలేదు. టీసీలకని కొందరు బల్ల చుట్టూ చేరారు. అమ్మ ఒక్కర్నీ బతిమాలలేదు. సంతకం పెట్టి ఇస్తూ ఒక తండ్రితో, "లెక్కల్లో వెనకబడితే సాయంత్రం నా దగ్గరికి పంపు" అంది. ఆయన తలొంచుకుని వెళ్ళిపోయాడు.

గది ఖాళీ అయింది. పిచ్చుక మాత్రం బల్ల ముందే నిలబడి ఉంది. వెక్కిళ్ళు ఇంకా ఆగలేదు.

అమ్మ తలెత్తలేదు. "ఏం, నీకూ టీసీ కావాలా?"

"వద్దమ్మా."

బళ్ళో తొలిసారి విన్న ఆ పిలుపుకి హెడ్మిస్ట్రెస్ చేతిలో పెన్ను ఆగిపోయింది.