నాలుగో భాగం: తడి ఆరలేదు

మా సైకిల్ బాట ఒకప్పటి రైలు దారి. పట్టాలు పీకేసి, ఎర్రమట్టి కలిపిన సన్న కంకర పరిచి, రోలరు తొక్కించి, సైకిళ్ళకు వదిలారు. మొత్తం ఏడు భాగాలు. ఏ భాగం ఎలా ఉందో రోజూ బాట మొదట్లో ఉన్న నల్లబోర్డు మీద రాయాలి: బాగుంది, తడిగా ఉంది, మూసివేశాం. ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, చేతిలో సుద్దముక్క లేకపోతే నాకు తోచదు. ఆ పని నేనే అడిగి తీసుకున్నాను.

మరమ్మతులు చేసేది ఒక మేస్త్రీ. నలభై ఏళ్ళవాడు, మాటకారి. పొద్దున్నే బాటంతా చూసి అతను ఫోన్లో చెప్పేవాడు, నేను రాసేదాన్ని.

కిందటేడు వానాకాలంలో ఒక పొద్దున "నాలుగోది బాగుంది టీచరమ్మా" అన్నాడు. బాగుంది అని రాశాను. ముందు రాత్రి వానకి అక్కడి చెక్క వంతెన పలకలు రెండు కొట్టుకుపోయాయని నాకు తెలియదు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగిన నర్సొకామె నా బోర్డు చదువుకుని ఆ దారినే ఇంటికి బయలుదేరింది. మనిషి శవమై వాగులో దొరికింది. సైకిల్ దొరకలేదు.

అప్పట్నుంచి మేమిద్దరం ఒక నియమం పెట్టుకున్నాం. ఇద్దరం కలిసి వెళ్ళి కళ్ళారా చూస్తేగాని, మూసిన ఏ భాగాన్నీ తెరవకూడదు. ఆ నర్సు గురించి మాత్రం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఈ చలికాలం నాలుగో భాగానికి కొత్త కంకర పడింది. వంతెన ఇనుముతో కట్టారు. రెండు చివర్లా గొలుసులు వేసి మూడు రోజులు ఆరనిచ్చాం. మర్నాడు తెరవాలి. ఆ సాయంత్రం ఇంటికి బయలుదేరిన మేస్త్రీని నేనే ఆపాను.

"రేపు పొద్దున చూద్దాం టీచరమ్మా. పాపకి జ్వరం. తొందరగా వస్తానని చెప్పొచ్చాను."

"అరగంట పని. పొద్దున ఆరింటికల్లా జనం వచ్చేస్తారు, బోర్డు మీద ఏం రాయను? పద, నిన్ను నేనే ఇంటికి పంపిస్తాను."

"మీ దగ్గర చదువుకున్న పిల్లలు ఎలా బతికారో గాని…" అని నవ్వి గమ్‌బూట్లు తొడుక్కున్నాడు. "చూసి మార్కులు వేయండి మరి. అత్తెసరు మార్కులు వేస్తే ఊరుకోను."

గొలుసు దాటాం. నాలుగో భాగం కొండని నిలువునా కోసిన ఇరుకు. రెండు పక్కలా తడిసిన రాతిగోడలు, పైన సన్నటి ఆకాశం. అయిదున్నరకే అక్కడ చీకటి పడిపోతుంది. నాచు వాసన. ఎక్కడో రాతి మీంచి నీళ్ళు చుక్కలుగా పడుతున్న చప్పుడు. టార్చిలైటు నా చేతిలో ఉంది కాబట్టి నేను ముందు, అతను వెనక. మట్టి ఇంకా మెత్తగానే ఉంది. నా అడుగు, అతని బూటు… పచ్ పచ్‌మంటున్నాయి.

సగం దూరంలో లైటు వెలుగులో ఒక టైరు గీత కనిపించింది.

"ఎవడో గొలుసు దాటి దూరాడు," అన్నాను.

"వాడి తాడు తెగ! మూడు రోజుల కష్టం!" అంటూ మేస్త్రీ ముందుకొచ్చి వంగి చూశాడు. వెంటనే రెండడుగులు వెనక్కి వేశాడు.

ఎందుకో చెప్తాను. సైకిల్ మెత్తటి మట్టిలో రెండు గీతలు గీస్తుంది. ముందు చక్రానిది అటూ ఇటూ వంకర పోతుంది. వెనక చక్రానిది తిన్నగా సాగుతుంది, మనిషి బరువు ఎక్కువగా దాని మీదే పడుతుంది గనక లోతుగా దిగుతుంది. ఇక్కడ రెండు గీతలూ ఉన్నాయి. కాని గోరుతో గీసినంత పైపైనే. మనిషి కాదు కదా, పిల్లి కూర్చున్నా అంతకంటే దిగుతుంది. పైగా అవి గొలుసు దగ్గర్నుంచి రాలేదు. అక్కడే, బాట నడిమధ్యలో మొదలయ్యాయి. అక్కణ్ణుంచి వంతెన వైపు సాగాయి.

"వెళ్ళిపోదాం టీచరమ్మా," అన్నాడు మెల్లగా.

వెళ్ళిపోవాల్సింది. కాని చూడకుండా రాయడమేమిటో నాకొకసారి తెలిసొచ్చింది. "వంతెన దాకా చూసి వద్దాం," అన్నాను.

గీతల పక్కనే నడిచాను. వెనక పచ్ పచ్ అని బూట్ల చప్పుడు. కాసేపటికి అది వినిపించలేదు. నేల గట్టిపడింది కాబోలు అనుకున్నాను.

వంతెన దగ్గర ఆగాను. కింద వాగు హోరు.

"టీచరమ్మా," అన్నాడు వెనక నుంచి. చాలా దగ్గరగా. "ఆ రోజు నేను చూడలేదు. ఇంట్లో పడుకునే చెప్పేశాను."

అనుమానం నాకు ఎప్పట్నుంచో ఉంది. "తెలుసు," అన్నాను, వెనక్కి తిరగకుండానే.

"మరి మీరు? చూశారా?"

"లేదు."

"చూడకుండానే రాశారు…"

"రాశాను."

ఇంకేమీ వినిపించలేదు. చుక్కలు పడే చప్పుడు కూడా ఆగిపోయింది.

వెనక్కి తిరిగి లైటు వేశాను. ఎవరూ లేరు.

నేల మీద వేశాను. నేను నడిచొచ్చిన దారిలో అడుగులు నావి మాత్రమే. బూటు గుర్తు ఒక్కటీ లేదు.

"మేస్త్రీ!" అని అరిచాను. గోడలు నా అరుపే నాకు తిరిగిచ్చాయి.

వచ్చిన దారినే పరిగెత్తాను. యాభై గజాల అవతల బూట్ల గుర్తులు కనిపించాయి. రెండు కాళ్ళూ పక్కపక్కనే, మనిషి ఆగి నిలబడినట్టు. అక్కడితో సరి. అక్కణ్ణుంచి ఇందాక లేని కొత్త గీత మొదలైంది, వెనక చక్రానిది, రెండు వేళ్ళ లోతు దిగిపోయి ఉంది. క్యారియర్ మీద ఎవరో ఎక్కినట్టు.

ఆ లోతు గీత వంతెన దగ్గర నేను నిలబడిన చోటి దాకా వెళ్ళింది. దారి పొడుగునా నా అడుగుల మీదుగా. అంటే… అంతసేపూ అది నా వెనకే వచ్చింది.

ఎలా బయటపడ్డానో తెలియదు. గొలుసు దగ్గరికి వచ్చాకే ఫోనుకి సిగ్నల్ అందింది. మేస్త్రీ ఇంటికి చేశాను. అతని భార్య ఎత్తింది. ఏమని చెప్పాలి? నీ మొగుణ్ణి నేనే ఆపానని, ఇంటికి పంపిస్తానని మాటిచ్చానని…

"మీ ఆయన…" అన్నాను.

"ఇప్పుడే వచ్చారు టీచరమ్మా."

ప్రాణం లేచొచ్చింది. "ఒకసారి ఫోనివ్వమ్మా."

"పిలిస్తే పలకట్లేదండీ. తిన్నగా వచ్చి పాప మంచం మీద కూర్చున్నారు, నాకు వీపు పెట్టి. ఒళ్ళంతా నీళ్ళు. అక్కడేమన్నా వాన పడిందా? తుడిచినకొద్దీ కారుతూనే ఉన్నాయి."

"అమ్మా… పాపని ఎత్తుకుని బయటికి వచ్చెయ్."

"ఆఁ? వినపడట్లేదు."

"పాపని ఎత్తుకో!"

"పాప బాగానే ఉందండీ, లేచి కూర్చుంది. ఆయన మొహంలోకే చూస్తోంది." ఆవిడ గొంతు బాగా తగ్గించింది.

"టీచరమ్మా… వాళ్ళ నాన్నని పట్టుకుని ఇది 'ఆంటీ' అంటోందేంటండీ?"