వానపాముల సారు డిక్లరేషన్

"పది పేజీలు దాటకూడదని రాశాం కదండీ. మీవి పదకొండు ఉన్నాయి."

గ్రాంట్ల ఆఫీసులో ఆ అమ్మాయి నాతో అన్న మొట్టమొదటి మాట అది.

"పదకొండో పేజీలో రెండే రెండు లైన్లున్నాయండి," అన్నాను.

"అయితే ఆ రెండూ తీసేయండి."

"అవి ముఖ్యమైనవి."

"ముఖ్యమైనవి చివర్లో ఎందుకు పెట్టారు?"

ఫైలు చంకలో పెట్టుకుని బయటికొచ్చేశాను. మెట్లు దిగుతూ ఆమెకి మనసులో నాలుగు పేర్లు పెట్టాను. ఏదీ ఆ మొహానికి అతకలేదు.

నేను వానపాముల మీద పరిశోధన చేస్తాను. నవ్వుకోండి, మా బావ కూడా నవ్వుతాడు. చవుడుబారిన నేలను అవి ఎన్నాళ్ళకి బాగుచేస్తాయో తేల్చడం నా పని. అందుకోసం ల్యాబులో నలభై మట్టిపెట్టెల్లో వాటిని పెంచుతున్నాను.

యువ శాస్త్రవేత్తలకి ప్రభుత్వం ఒక గ్రాంటు ఇస్తుంది. డాక్టరేట్ వచ్చి ఐదేళ్ళు దాటనివాళ్ళకే. నా ఐదేళ్ళు ఆ నెలాఖరుకి నిండిపోతాయి, ల్యాబులో నా ఉద్యోగమూ అప్పటికే అయిపోతుంది. ఇది రాకపోతే పెట్టెలు బయట పారబోసి, బావ రంగుల షాపులో కూర్చోవాలి. నేనసలే రంగులు గుర్తుపట్టలేను, నాకు తెలిసిందల్లా మట్టిరంగు.

మర్నాడు పది పేజీలతో వెళ్ళాను. ఈసారి ఆమె చదివింది. అప్లికేషన్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి పైకి పంపడం ఆమె ఉద్యోగం. చదువుతూ చదువుతూ కనుబొమలు ముడిచింది.

"ఇక్కడ సారాంశం మామూలు మనుషులకి అర్థమయ్యేలా రాయమన్నారు."

"అలాగే రాశానండి."

"నేను మామూలు మనిషినే. నాకు అర్థం కాలేదు."

సరిగ్గా అప్పుడే బయట వాన మొదలైంది. నా కాళ్ళు వాటంతటవే లేచాయి. వానపడితే నన్ను కుర్చీలో కూర్చోబెట్టడం ఎవరివల్లా కాదు.

"రండి, చూపిస్తాను," అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలీదు. ఆమె గడియారం చూసుకుని, గొడుగు తీసుకుని వచ్చింది.

ఆఫీసు వెనక ఖాళీ జాగాలో ఒక వానపాము నేలలోంచి పైకొచ్చింది. పక్కన ఇంకొకటి. ఆమె చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని గొంతుక్కూర్చుంది. గొడుగు నా నెత్తిమీదకి కూడా వచ్చింది, సగమే వచ్చింది.

"ఇవి మట్టి తిని, మట్టినే వదుల్తాయండి. కానీ తిన్న మట్టి వేరు, వదిలిన మట్టి వేరు. వదిలిన దాంట్లో మొక్క బతుకుతుంది. ఎన్ని ఉంటే ఒక ఎకరం బతుకుతుందో ఎవరికీ సరిగ్గా తెలీదు. నేను తేల్చాలనుకుంటున్నాను."

ఆమె ఓ క్షణం నావైపు చూసింది. వానలో ఆ చూపు నన్ను నిలువునా తడిపేసింది, గొడుగు ఎందుకూ పనికిరాలేదు.

"ఇప్పుడు చెప్పారే, అది రాయండి," అంది. "ఎవరొచ్చినా ఇదే చెప్తాను. మీకోసమని కాదు."

"అర్థమైందండి."

"వానపాముల సారూ, మీ బూట్లకి మట్టి. లోపలికి రాకండి."

ఇంటికెళ్ళేసరికి నా పని అయిపోయింది. వారం రోజుల్లో ఆ ఆఫీసుకి ఐదుసార్లు వెళ్ళాను. అందులో మూడుసార్లు పని ఉంది.

శుక్రవారం సాయంత్రం ఐదుకి గడువు. గురువారం అన్నీ సర్ది, ఆఖరి కాగితం తీశాను. అది డిక్లరేషన్. 'ఈ కార్యాలయ సిబ్బందిలో ఎవరితోనైనా బంధుత్వం గానీ, ఆత్మీయత గానీ ఉన్నదా? ఉన్నచో వివరించండి.'

పెన్ను పట్టుకుని వరండా బెంచీ మీద అరగంట కూర్చున్నాను. లేదని టిక్ పెట్టొచ్చు. కానీ కింద 'పైన రాసినదంతా నిజమని ధ్రువీకరిస్తున్నాను' అని ఉంది. ఐదేళ్ళుగా, లేనిది ఉందని గానీ ఉన్నది లేదని గానీ ఎక్కడా రాయని చెయ్యి నాది. 'ఉన్నది' దగ్గర టిక్ పెట్టి, వివరం రాశాను: 'నా వైపు నుంచి ఉన్నది. అవతలి వైపు సమాచారం లేదు. ఇంతవరకు అడగలేదు.' ఆమె పేరు కూడా రాసి, కౌంటర్లో ఇచ్చి పారిపోయాను.

సంగతి విని మా అక్క తల పట్టుకుంది.

"ఒరేయ్, అమ్మాయికి చెప్పాల్సింది ఎవరైనా గవర్నమెంటుకి చెప్తార్రా?"

"అడిగారక్కా మరి."

మర్నాడు మూడింటికి ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. పెద్ద మేడమ్ గదిలో ఆమె అప్పటికే ఉంది. నావైపు చూడలేదు. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి, ఆ రంగు నాక్కూడా తెలిసింది.

"ఇరవై ఏళ్ళ సర్వీసులో ఈ గడిలో టిక్కు చూడలేదు," అని పెద్ద మేడమ్ కళ్ళజోడు సర్దుకున్నారు. "చూడమ్మా, నువ్వు రాతపూర్వకంగా జవాబివ్వాలి. నీ వైపు నుంచి లేదంటే, ఈ ఫారం ఈయన మళ్ళీ నింపి ఇస్తాడు, ఫైలు నీ దగ్గరే ఉంటుంది, ఏ గొడవా లేదు. ఉందంటే ఫైలు వేరే సెక్షన్‌కి పోతుంది. ఫలితం వచ్చేదాకా మీరిద్దరూ మాట్లాడుకోకూడదు."

లేదంటే అందరికీ సుఖం. ఆ మాట ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. నా గుండె ఎక్కడుందో వెతుక్కుంటున్నాను.

ఆమె కాగితం లాక్కుని గబగబా ఒక్క లైను రాసింది. పెద్ద మేడమ్ పైకి చదివారు.

"'ఉన్నది. ఫైలు వేరేవారికి ఇవ్వగలరు.'"

ఆమె లేచి, తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"నాకు ముందు చెప్పొచ్చుగా," అంది. మూడు నెలల వరకు అదే ఆఖరి మాట.

ఆ మూడు నెలలు ఎలా గడిచాయో చెప్పమంటే మా బావని అడగండి. మా ప్రొఫెసర్ గారు దయతల్చి పెట్టెల్ని ఉంచనిచ్చారు. పొద్దున వాటికి నీళ్ళు చల్లడం, ఆ తర్వాత షాపులో ఒకరికి కావలసిన రంగు ఇంకొకరికి ఇవ్వడం. నాకు భయం గ్రాంటు గురించి ఒక్కటే కాదు. గ్రాంటు రాని, ఉద్యోగం లేని మనిషిగా ఎదురుగా నిలబడితే, అప్పుడు రాసిన మాట ఆమె వెనక్కి తీసుకుంటుందేమోనని.

ఫలితాలు పదకొండింటికి సైట్లో పెట్టారు. పదకొండుంబావు దాకా ఫోన్ తెరవలేకపోయాను. అప్పుడే షాపు ముందు గొడుగు ముడుస్తూ ఆమె కనిపించింది, ల్యాబులో అడిగి కనుక్కుందట.

"ఏ రంగు కావాలమ్మా?" అన్నాడు బావ.

"ఆయనతో మాట్లాడాలండి," అంది.

"లిస్టు చూశారా?" అన్నాను ఎలాగో.

"లేదు. చూడకుండానే వచ్చాను. చూశాక వస్తే, గ్రాంటు వచ్చినందుకు సంతోషంతోనో, రానందుకు జాలితోనో ఒప్పుకున్నానని మీరు జీవితాంతం లెక్కలు తీస్తారు. మీ సంగతి నాకు తెలీదా?"

"ఏం ఒప్పుకున్నారు?"

"అది మీరింకా అడగలేదు."

అడిగాను. బావ ముందే అడిగాను. ఆమె ఒప్పుకుంది. బావ మా అక్కకి ఫోన్ చేయడానికి డబ్బాల వెనక్కి పరిగెత్తాడు. అక్క వచ్చి ఆమె చేయి పట్టుకుని వదల్లేదు.

లిస్టులో ఇరవై మూడో పేరు నాదే. అది చూడాలని మాకు గుర్తు రావడానికి ఇంకో గంట పట్టింది.