సాయంత్రమైతే తెగిపోయే మాట

పొయ్యి మీద ఉప్మా ఉడుకుతుంటే ప్రశాంతి ఒక చేత్తో గరిటె తిప్పుతూ, ఇంకో చేత్తో ట్యాబ్ పట్టుకుని నెట్ వేగం చూసింది. తెర మీద ముల్లు సర్రున చివరికంటా పోయింది. పొద్దున పూట ఎప్పుడూ ఇంతే. సాయంత్రం ఏడయిందంటే మాత్రం అదే ముల్లు మొరాయించిన ఎద్దులా మొదట్లోనే నిలబడిపోతుంది.

"పొద్దున్నే మళ్ళీ మొదలుపెట్టినవా?" తల తుడుచుకుంటూ వచ్చిన భర్త రాజశేఖర్ విసుక్కున్నాడు. "సాయంత్రమైతే ఊరంతా నెట్ మీదనే పడతరు, స్లో అయితదని లైన్‌వాళ్ళు చెప్పిన్రు కదా."

"ఊరంతా పడితే ఎదురింటి వినీతకు కూడా ఆగాలె కదండీ. వాళ్ళదీ మన లైనే. నిన్న అడిగితే ఏ దిక్కత్ లేదంది."

రాజశేఖర్ పళ్ళెం ముందుకు లాక్కున్నాడు.

సరిహద్దు ఊరు కొంటాలో హైవే పక్కన వాళ్ళకు లారీ విడిభాగాల దుకాణం ఉంది. మామగారు అప్పయ్య పెట్టిన దుకాణాన్ని ఇప్పుడు రాజశేఖర్ నడుపుతున్నాడు. భద్రాచలం నుంచి కోడలిగా వచ్చిన ప్రశాంతి సాయంత్రాల్లో ట్యాబ్ ముందు కూర్చుని, ఎక్కడెక్కడి పిల్లలకో లెక్కలు చెబుతుంది. కొందరికి తెలుగులో, కొందరికి హిందీలో. ఆ ట్యూషన్ సంస్థలో ఆమెకు మంచి పేరు. దసరా వెళ్ళినప్పటి నుంచి ఆ పేరుకు చీడ పట్టింది. 'టీచర్, మీ మాట తెగిపోతోంది' అని పిల్లలు, 'మా వాడికి సగం పాఠమే వినబడుతోంది' అని తల్లులు. ఈ వారంలో సరిచేసుకోకపోతే క్లాసులు ఇంకొకరికి ఇస్తామని సంస్థవాళ్ళు మర్యాదగానే చెప్పేశారు.

"వదిలెయ్యరాదమ్మా" అన్నాడు అప్పయ్య, కుర్చీలో కూర్చుని టీ ఊదుకుంటూ. "నువ్వు చదువు చెప్పకపోతే ఇల్లు ఆగిపోతదా?"

"ఇల్లు ఆగదు మామయ్యా. నేనే ఆగిపోత."

అప్పయ్య తలెత్తి కోడలిని ఒకసారి చూసి, మళ్ళీ టీ వైపు తిరిగాడు. అత్తగారు నాగేశ్వరమ్మ వడ్డిస్తున్న గరిటె గిన్నెలోనే వదిలి పెరటి వైపు చూసింది.

ఆ సాయంత్రం ప్రశాంతి దుకాణంలోని ల్యాప్‌టాప్ ఇంటికి తెప్పించింది. ముందుగదిలో ఉన్న రౌటర్‌కు వైరుతో తగిలించింది. ఏడు దాటింది. ల్యాప్‌టాప్‌లో ముల్లు పొద్దుటిలాగే పరిగెత్తింది. పక్కనే, వైరు లేకుండా పెట్టిన ట్యాబ్‌లో మాత్రం కదల్లేదు.

"చూసిన్రా? బయట నుంచి వచ్చే లైను మంచిగనే ఉంది. తేడా అంతా మన ఇంట్లో గాలిలో పోయే వైఫైలోనే. ఈ ట్యాబ్‌కేమో వైరు పెట్టే వీలు లేదాయె" అంది భర్తతో.

తర్వాత టీవీ ఆపించింది. భర్త ఫోను ఆపించింది. "వార్తలు కూడా చూడనియ్యవా తల్లీ" అని గొణుక్కుంటూనే మామగారు తన ఫోనూ ఇచ్చేశాడు. నాగేశ్వరమ్మ కూడా తన ఫోను కోడలి చేతిలో పెట్టింది. అన్నీ ఆపినా ట్యాబ్‌లో ముల్లు ఉన్నచోటే ఉంది.

"అయితే మన ఇంటి బయటివాళ్ళెవరో మన నెట్‌లో ఉన్నరు" అంది ప్రశాంతి. "సిగ్నల్ సన్నగా అందేంత దూరంలో ఒక్క ఫోను వీడియో పెట్టినా చాలు. రౌటర్ దానితోనే తంటాలు పడుతుంటది, మిగిలినోళ్ళంతా వెనక నిలబడాలె."

మర్నాడు పాస్‌వర్డ్ మార్చి, ఇంట్లోవాళ్ళ ఫోన్లలో తనే ఎక్కించింది. ఆ సాయంత్రం క్లాసు ఏటిలో పడవలా సాగిపోయింది. భిన్నాల కూడికలు చెబుతుంటే ఒక్క పిల్లాడూ 'మళ్ళీ చెప్పండి టీచర్' అనలేదు.

"మంచి పని చేసినవ్" అన్నాడు అప్పయ్య భోజనాల దగ్గర. "ఎవడో గాని, వాని దొంగతనం బందయింది."

నాగేశ్వరమ్మ కలిపిన ముద్ద పళ్ళెంలోనే వదిలేసి లేచి వెళ్ళిపోయింది. ఒంట్లో బాగాలేదు కాబోలు అనుకుంది ప్రశాంతి.

మరుసటి పొద్దున బట్టలు ఉతకడానికి పెరట్లోకి వెళ్ళిన ప్రశాంతి గుమ్మంలోనే ఆగిపోయింది. అత్తగారు బట్టలబండ మీద నిలబడి వెనక గోడకు ముఖం ఆనించి గుసగుసగా మాట్లాడుతోంది. గోడకు అవతల ఎవరో ఏడుస్తున్నారు.

"నిన్న కూడా పోయిందమ్మా క్లాసు. ఆ మేడం ఇట్లయితే కష్టమంటున్నది. ఇంకెక్కడికి తీసుకపోవాలె దీన్ని?"

ఆ గొంతు ప్రశాంతికి తెలుసు. ఆడపడుచు ఉదయశ్రీది.

ఉదయశ్రీ నాలుగేళ్ళ కింద దోర్లా తెగ అబ్బాయి పూనం జోగయ్యను చేసుకుంది. జోగయ్య బడిపంతులు, నెమ్మదైన మనిషి. అయినా అప్పయ్య 'నాకు కూతురు లేదు' అన్నాడు. ఆ మాట మీద అలాగే ఉన్నాడు. జోగయ్య బడి పామేడు వైపు అడవిలో ఉంది. వారానికోసారి వస్తాడు. పిల్లతో ఒంటరిగా ఉండలేక ఉదయ దసరాకు కొంటా వచ్చి, అమ్మ దగ్గర్లో ఉన్నట్టుంటుందని వెనక గోడను ఆనుకుని ఉన్న రేకుల ఇల్లు అద్దెకు తీసుకుంది. 'ఊళ్ళో ఇంకో ఇల్లే దొరకనట్టు' అని అప్పయ్య పెరటి వైపు వెళ్ళడమే మానేశాడు.

కోడలిని చూడగానే నాగేశ్వరమ్మ బండ దిగి దగ్గరికి వచ్చింది.

"నేనే ఇచ్చిన ప్రశాంతీ పాస్‌వర్డు. పాపకు మూడేండ్లు నిండినా మాట రాలే. చెవులు మంచిగనే ఉన్నయంట. హైదరాబాద్ మేడం ఒకామె సాయంత్రం పూట ఫోన్లో కనపడుకుంట మాట నేర్పుతది. ఆ రేకుల కింద వాళ్ళ ఫోనుకు సిగ్నలుండదు. మన నెట్‌తో కూడా తెగిపోయేదే. ఆమె పెదాలు ముందు కదిలేటివి, మాట తర్వాత వచ్చేది. పిల్ల ఏం చూసి నేర్చుకుంటది?"

ప్రశాంతికి ముందు కోపమే వచ్చింది. "నేను దేవులాడుతుంటే చూస్తనే ఉన్నరు కదా అత్తమ్మా. ఒక్క మాట చెప్పొద్దా?"

"నీకు చెప్తే మా వానికి తెలుస్తది. వానికి తెలిస్తే మీ మామయ్యకు తెలుస్తది. ఆమాత్రం ఆసరా కూడా ఉండదని భయపడ్డ."

ఆ మాటతో ప్రశాంతి కోపం దిగిపోయింది. ఇన్నాళ్ళూ గోడకు ఇవతల తను, అవతల ఉదయ, తెలియకుండానే ఒకరి గొంతు ఒకరు నొక్కుకున్నారు.

"మళ్ళీ పాస్‌వర్డ్ ఇస్తే ఇద్దరికీ తెగుతది" అంది నెమ్మదిగా. "మన రౌటర్ నుంచి వైరు తీసుకపోయి, ఉదయ ఇంట్లో ఒక చిన్న డబ్బా పెట్టాలె. అప్పుడు ఎవరి దారి వాళ్ళదే."

"ఆయన దుకాణానికి పోయినంక, కనపడకుండా..."

"దొంగతనంగా వద్దత్తమ్మా. దొంగలం కాదు మనం."

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ప్రశాంతి వైరు చుట్ట, కొత్త వైఫై డబ్బా, దుకాణంలోని డ్రిల్లింగ్ మెషిన్ తెచ్చి వరండాలో పెట్టింది.

"ఏందిది?" అన్నాడు అప్పయ్య.

"వెనక గోడకు చిల్లు పెట్టాలె మామయ్యా. ఉదయ ఇంట్లకు నెట్ వైరు వేస్తున్న."

ఇంట్లో ఆ పేరు వినబడి ఎంత కాలమైందో. రాజశేఖర్ గాభరాగా లేచాడు. "ప్రశాంతీ, లోపలికి నడువ్."

"నడవను. మన నెట్ వాడిన దొంగ ఎవడో అన్నరు కదా మామయ్యా. మీ మనవరాలు."

"నాకు మనవరాలు లేదు. ఆ గోడకు చిల్లు పడదు." అప్పయ్య గొంతు వరండా దాటి రోడ్డు మీదికి వినబడింది.

ప్రశాంతి కదల్లేదు. "ఉంది మామయ్యా. మూడేండ్లు నిండినయి. ఇంకా మాట రాలేదు. ఆ మాట కోసమే వాడుకున్నరు మన నెట్. తెలియక నేనే తెంపేసిన."

అప్పయ్య గొంతు తగ్గింది. "మాట రాకపోవుడేంది?"

జవాబు నాగేశ్వరమ్మ నుంచి వచ్చింది. భర్త ముందు ఎన్నడూ గొంతెత్తని మనిషి తలుపు పట్టుకుని నిలబడి అరిచినంత పని చేసింది. "నోరుండి నువ్వు మాట్లాడనంటివి. పంతం నీది. ఆ పిల్ల మాట్లాడదామని నోరు తెరుస్తది, రాదు. రెండూ ఒకటేనా? చెప్పు, ఒకటేనా?"

అప్పయ్య కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"వద్దంటే ఇంకోసారి వద్దనండి మామయ్యా, ఆగుత" అంది ప్రశాంతి.

అప్పయ్య లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. వద్దని మాత్రం అనలేదు.

ప్రశాంతి మెషిన్ ఎత్తుకుని పెరట్లోకి నడిచింది. దాన్ని గోడకు ఆనించబోతుంటే వెనక నుంచి రాజశేఖర్ వచ్చి చేతిలోంచి తీసుకున్నాడు. "జరుగు. రాతి గోడ, నీతోని కాదు." గోడ మీదుగా మెడ చాచి పిలిచాడు. "ఉదయా... పాపను దూరం తీసుకపో. రాళ్ళు ఎగురుతయి."

అవతల నుంచి బొంగురుగా వినిపించింది. "సరే అన్నా."

సాయంత్రానికి వైరు అవతలికి చేరింది. పోయిన క్లాసులకు బదులుగా హైదరాబాద్ మేడం ఆదివారమైనా ఒప్పుకుంది. ప్రశాంతి రేకుల ఇంట్లో డబ్బాను మేకుకు తగిలించి, ఉదయ ఫోను అందులోకి కలిపింది. ఏడు దాటినా తెర మీద మేడం ముఖం ఒక్కసారి కూడా ఆగలేదు. పెదాలు కదిలిన క్షణానే మాట వస్తోంది. ఇవతల ఇంట్లో నుంచి రాజశేఖర్ కేకేశాడు. "నీ ట్యాబ్ కూడా మంచిగనే నడుస్తున్నది!"

పాప గౌను అంచు నలుపుతూ తెరనే చూస్తోంది. ఇంతలో మేడం అడిగింది. "మీ వెనక గుమ్మంలో నిలబడ్డ పెద్దాయన తాతగారా? వచ్చి పాప పక్కన కూర్చోండి. పేరు పెట్టి పిలవండి. మీ వైపు చూసేదాకా ఆగండి."

ప్రశాంతి గిరుక్కున తిరిగింది. గుమ్మంలో అప్పయ్య. సందంతా చుట్టి, రోడ్డు వైపు నుంచి వచ్చినట్టున్నాడు. ఉదయ గోడకు అతుక్కుపోయింది. ఆయన వంగి, మోకాళ్ళు పట్టుకుంటూ పాప పక్కన చాప మీద కూర్చున్నాడు. కోడలి వైపు చూశాడు.

"పేరేంది?" అన్నాడు మెల్లగా.

అది అడగడానికి ఆ మనిషి ఎంత కిందికి దిగి వచ్చాడో ప్రశాంతికి అర్థమైంది. జవాబు నువ్వే చెప్పమన్నట్టు ఆమె ఉదయ వైపు చూసింది.

"సుక్కి, నాన్నా" అంది ఉదయ. "వాళ్ళ నానమ్మ పేరు."

"సుక్కీ" అని పిలిచాడు అప్పయ్య. పాప తిరగలేదు.

"పర్వాలేదండీ, తొందరేం లేదు. మళ్ళీ పిలవండి" అంది మేడం.

"సుక్కీ..." ఈసారి ఇంకా మెల్లగా పిలిచాడు.

పాప తిరిగింది. కొత్త ముఖాన్ని తేరిపార చూసింది. మాట ఎక్కడి నుంచి వస్తుందో చూడమని మేడం నేర్పినట్టుంది, చిట్టి వేళ్ళు రెండు చాచి ఆయన పెదాల మీద పెట్టింది.

అప్పయ్య కళ్ళు తుడుచుకోలేదు. వేళ్ళు జారిపోతాయేమోనని తల కూడా కదపలేదు. ఆ వేళ్ళ కింద పెదాలు మాత్రం కదుపుతూ, "సుక్కి... సుక్కి... సుక్కి..." అంటూనే ఉన్నాడు.