పద్దెనిమిది గంటలు

హైదరాబాద్ పాతబస్తీలో గౌలిపుర స్రవ్యకూ జహనుమా డానియేలుకూ పరిచయమే కొట్లాటతో మొదలైంది లెండి. వానలో బస్సు కోసం పరుగెడుతూ వాడు ఆమె కాలు తొక్కేశాడు.

"కండ్లు నెత్తిమీదున్నయా?"

"చేపల్ని చూసే కండ్లు మేడం, మనుషులు జల్దీ కనిపియ్యరు!"

అండమాన్‌లో టూరిస్టులను సముద్రం అడుగుకు తీసుకెళ్లి, రంగురంగుల చేపలూ మునిగిన ఓడా చూపించడం వాడి ఉద్యోగం మరి. పిల్ల ఆ నవ్వుకే పడిపోయింది.

స్రవ్య బాపు బీరయ్య మాత్రం మూడేళ్లు ససేమిరా అన్నాడు. క్రిస్టియన్ పిల్లవాడట, అదీ నీళ్లలో పనట! అలాంటి మనిషి, ఆస్పత్రి మంచం మీద ఊపిరి అందని పూట, "ఆ పోరన్ని పిలువు బిడ్డా. నీ చెయ్యి వాని చేతుల పెడ్త," అన్నాడు. డాక్టర్లు ఒకటి రెండు రోజులన్నారు.

స్రవ్య ఏడుస్తూ ఫోన్ చేసింది.

"వస్తున్న. రెండింటి ఫ్లైట్‌కు టికెట్ దొరికింది," అన్నాడు డానియేలు. వెనకాల ఎవరో అరుస్తున్నారు.

"ఏం లొల్లి అది?"

"మా బాస్. నువ్ ఫికర్ చెయ్యకు."

"నిజం చెప్పు."

"పొద్దున రెండుసార్లు ఓడ దాంక దిగిన. దిగినంక పద్దెనిమిది గంటలు ఫ్లైట్ ఎక్కద్దు. పైకి పోతే ఒంట్ల గాలి బుడగలైతదట. సోడా సీసా లెక్క జర పొంగుత, అంతే!"

"పొంగితే?"

వాడు మళ్లీ ఫ్లైట్ టైము చెప్పబోయాడు.

"చెప్పు!"

"కాళ్లు పడిపోవచ్చు. పానం గూడ..."

స్రవ్య గాజు తలుపులోంచి బాపును చూసింది. ఆయన ఒక్క మాట కోసం మూడేళ్లు కాచుకున్న పిల్ల, పాపం, ఎలా అనగలిగిందో ఏమో!

"ఎక్కకు. ఎక్కినవంటే నా మొఖం చూడకు. రేపు రా."

లోపలికి వెళ్తే బీరయ్య అడిగాడు. "వస్తుండా?"

"రేపొస్తడు బాపు."

"రేపా..." అని కళ్లు మూసుకున్నాడు. తెల్లవారి ఎనిమిదింటికి ప్రాణం పోయింది. అప్పటికి డానియేలు విమానంలో ఉన్నాడు.

మధ్యాహ్నం వాడు బ్యాగుతోనే సందులోకి పరుగెత్తుకొచ్చేసరికి పాడె సిద్ధంగా ఉంది. స్రవ్య తలెత్తలేదు.

"గీ పోరడు ఎవరు?" అన్నాడు మేనమామ బాలరాజ్. "బావ ఒప్పుకున్నడని ఎవరు విన్నరు? ఈ పిల్ల మాటేనాయె!"

డానియేలు గోడకు ఒదిగి నిలబడ్డాడు.

తల్లి మాణిక్యమ్మ లేచింది. కొంగుతో ముఖం తుడుచుకుని, పాడె కొన పట్టుకున్న తమ్ముడి చేతిని పక్కకు తీసింది.

"మీ బావ వీని కోసం తలుపు దిక్కు చూసుకుంటనే పోయిండు. నేను పక్కనే ఉంటి," అంది. "రా బిడ్డా, భుజం పట్టు."

డానియేలు బ్యాగు స్రవ్య ముందు పెట్టి వెళ్లాడు. పాడె సందు మలుపు తిరిగాక, ఆమె ఆ బ్యాగును ఒళ్లోకి లాక్కుని, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది.