నాలుగో చోట ముడి వేసే చెయ్యి

రండి, ఇలా దగ్గరికి జరగండి. జపమాల అయిపోయింది, కాఫీ ఇంకా వేడిగానే ఉంది, బయట చలిగాలి మొదలైంది... ఈ కథ చెప్పుకోవడానికి ఇలాంటి రాత్రే కావాలి. చివర వచ్చినవాళ్లు ఆ తలుపు గడియ పెట్టి మరీ కూర్చోండి. వెనకాల ఎవరో నిలబడి వింటున్నట్టుంటే నాకు మాట సాగదు.

మన సాన్ లియాండ్రో ఊరి గడ్డి రన్‌వే మీకు తెలిసిందే. నది వైపు మాంసం కొట్టు, దానికి ఇవతల విమానాలు గాలికి ఎగిరిపోకుండా కట్టేసే నాలుగు చోట్లు. ఒక్కో చోట నేలలో సిమెంటు పోసి పాతిన మూడు ఇనుప కడియాలు — రెక్కలకు రెండు, తోకకు ఒకటి. ఆ రోజుల్లో మొదటి మూడు చోట్ల కోసం పైలట్లు పోట్లాడుకునేవాళ్లు. నాలుగోది మాత్రం ఖాళీగానే ఉండేది.

ఆ చోటుకి చెడ్డపేరు.

నేను చెప్పబోయే రాత్రికి ముప్పై ఏళ్ల ముందు, కసియానో అని అక్కడ కాపలాదారు ఉండేవాడట. ఒక జూన్ రాత్రి దక్షిణపు చలిగాలి, మన సురాసో, విరుచుకుపడింది. నాలుగో చోట కట్టేసిన విమానం లేచింది. లోపల పైలట్ లేడు. ఇంజను ఆగి ఉంది. అయినా లేచింది... దాన్ని కిందికి లాగుదామని కసియానో కుడి రెక్క పట్టుకుని వేలాడాడు. అది దిగింది — తలకిందులుగా, అతని మీదే.

అప్పట్నుంచి, తప్పనిసరై అక్కడ విమానం పెట్టినవాళ్లందరిదీ ఒకటే మాట. రాత్రిపూట తడి గడ్డిలో అడుగుల చప్పుడు. తాడు బిగుస్తున్న కిర్రు. "ఒకటి... రెండు... మూడు..." అని గొణుగుడు. పొద్దున్నే వెళ్లి చూస్తే తాము వేసిన ముడి ఒకటి, అక్కడ ఉన్న ముడి ఇంకొకటి.

ఇక రోమెలియో సంగతికి వస్తాను. రోమెలియో కయూబా, పైలట్. యాభై ఎనిమిదేళ్ల మనిషి. పునీత యోహాను పండుగ ముందురోజు ఆరుసార్లు మాంసం మోసి, పొద్దు వాలుతుండగా దిగాడు. దిగడం అంటే నిజంగా దిగడం కాదు... సీట్లోంచి కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి చేత్తో బయటికి తీసి పెట్టుకున్నాడు.

మొదటి చోట తన విమానం ఇంజను విప్పుకుని కూర్చున్న ఫావియో చూసి నవ్వాడు. "ఏంటన్నా, ఆవుల్ని నువ్వు మోశావా, అవి నిన్ను మోశాయా?"

"నవ్వరా, నవ్వు. ఈ మూడింట్లో ఒక్కటైనా జరపండి, నా బండి పెట్టుకోవాలి."

"ఎలా జరుపుతాం? నాదానికి ఇంజను లేదు. అవతలి రెండింటికీ చక్రాలు లేవు. నాలుగోది ఖాళీయేగా. అక్కడైతే కాపలా కూడా ఉంది, పైగా జీతం అడగదు."

మాంసం కొట్టు వెనకాల హమాక్, అదే తాళ్ల ఊయల, కట్టుకుని పడుకోవడం తప్ప లోకంలో ఇంకే కోరికా లేదు రోమెలియోకి. అప్పుడే ఆరోగ్య కేంద్రం ఎల్వా సైకిల్ మీద వచ్చింది. ఊరికి డాక్టరైనా, నర్సైనా, మంత్రసానైనా ఆవిడే.

"రోమెలియో అన్నా, నీల్దా టీచరమ్మకి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది. ఇక నా చేతుల్లో లేదు. ట్రినిదాద్ పట్నంలో ఆసుపత్రికి చేర్చాలి."

"రన్‌వే మీద ఒక్క దీపం లేదమ్మా. చీకటి పడితే ఆవులన్నీ అక్కడే పడుకుంటాయి. ఇప్పుడు విమానం లేపితే టీచరమ్మతో పాటు మనమూ పోతాం." అతను కళ్లు నులుముకున్నాడు. "తెల్లారేదాకా ఆగగలదా?"

"తెల్లారేదాకా ఆగుతుంది," అంది ఎల్వా. "తెల్లారాక ఆగలేదు."

ఎగరగలిగే విమానం ఊళ్లో అదొక్కటే. ఆ రాత్రికి దానికేమైనా అయితే తల్లీ లేదు, బిడ్డా లేదు. రేడియోలో వింటే, సురాసో బయల్దేరింది, అర్ధరాత్రి దాటాక తాకుతుంది అంటున్నారు.

ఇంకేం చేస్తాడు? నాలుగో చోటుకే తోసుకెళ్లాడు. రోజూ వీచే ఉత్తరపు గాలికి ఎదురుగా నిలబెట్టే విమానాన్ని ఆ రోజు తిప్పి, ముక్కు దక్షిణానికి పెట్టాడు. చక్రాలకు ముందూ వెనకా అడ్డుచెక్కలు కొట్టాడు. రెక్కల్లోని టాంకులు నిండా నింపాడు, బరువుంటుందని. తోకకు నైలాన్ తాడు కట్టాడు, ఎడమ రెక్కకు కట్టాడు. కుడి రెక్కకు వచ్చేసరికి... తాడు లేదు.

పొద్దున దాంతోనే మాంసం మూటలు కదలకుండా కట్టి, ఏ పశువుల పాకలోనో వదిలేసి వచ్చాడు.

వెతికే ఓపిక లేదు. కొట్టులో మేకుకి వేలాడుతున్న పచ్చితోలు పగ్గం తీసుకొచ్చాడు — నాలుగు పాయల అల్లిక, బొటనవేలంత లావు. అడవి ఎద్దుని ఆపే పగ్గం రెక్కని ఆపదా అనుకున్నాడు. మన పశువుల సీమలో పుట్టినవాడు ఎవడైనా అలాగే అనుకుంటాడు. కట్టి, రెక్క మీద సిలువ గుర్తు వేసి, "మరియతల్లీ, నాకు కళ్లు మూతలు పడుతున్నాయి, నువ్వే చూసుకో" అని చెప్పి, హమాక్‌లో పడ్డాడు.

మెలకువ వచ్చింది.

ఏ చప్పుడుకో కాదు. చప్పుళ్లన్నీ ఆగిపోయినందుకు. కప్పలు లేవు. పండుగ డప్పులు లేవు. ఉత్తరపు గాలి చచ్చిపోయింది... ఆకు కదలడం లేదు.

ఆ నిశ్శబ్దంలో — తడి గడ్డిలో అడుగులు.

నాలుగో చోటు వైపు నుంచి కిర్రుమని ఒక చప్పుడు. ఆ వెంటనే గొణుగుడు. "ఒకటి... రెండు... మూడు..."

దేవుడు నన్ను క్షమించాలి, ఇంకెవరైనా అయితే దుప్పటి ముసుగు తన్నేవాళ్లు. నేనైనా అంతే. రోమెలియోకి మాత్రం ఎల్వా అన్న మాట చెవిలో తిరుగుతోంది. ఆ విమానాన్ని అక్కణ్నుంచి తప్పించాలి. విప్పి, కొట్టు వెనక్కి తోసేస్తే ఆ కసియానో దాని జోలికి రాడు. ఈ ఆలోచనే వచ్చింది. అలసిపోయిన బుర్రకి ఇంతకంటే మంచిది తట్టలేదు.

చినుకులు మొదలయ్యాయి. టార్చి వేస్తే మిణుగురంత వెలిగి ఆరిపోయింది. చీకట్లో తడుముకుంటూ వెళ్లి, ఎడమ రెక్క కింద మోకాళ్ల మీద కూర్చుని, ముడి మీద వేళ్లు పెట్టాడు.

ఆ ముడి అతను వేసింది కాదు.

అయినా విప్పడం మొదలుపెట్టాడు. ఒక మెలిక వదులైంది...

"విప్పకు."

మాట విమానం కిందినుంచి వచ్చింది. బొంగురుగా, మట్టిలోంచి వచ్చినట్టు. ఆడో మగో తెలియని గొంతు. కుడి రెక్క కింద, తల మీంచి గోనెసంచి కప్పుకున్న ఒక ఆకారం వంగి ఉంది.

రోమెలియో పెదాలు కదిలాయి. "పరలోకమందున్న మా తండ్రీ..."

"ప్రార్థన తర్వాత చేసుకుందువు. ముందు ఆ మెలిక బిగించు."

బిగించాడో లేదో, గాలి వచ్చి పడింది.

సురాసో ఎలా వస్తుందో మీకు చెప్పాలా? గోడ నడిచొచ్చినట్టు వస్తుంది. వాన అడ్డంగా కొట్టింది. విమానం గుర్రంలా ముక్కు ఎత్తింది. ఎడమ తాడు ఆగింది, తోక తాడు ఆగింది. కుడి రెక్క మాత్రం... లేస్తోంది. జానెడు. మూరెడు. నీళ్లు తాగిన పచ్చితోలు పేగులా సాగిపోతోంది. తోలు పొడిగా ఉంటే ఎద్దుని ఆపుతుంది, తడిస్తే కోడిపిల్లని కూడా ఆపలేదు. ఆ సంగతి చిన్నప్పట్నుంచీ తెలుసు రోమెలియోకి. తెలిసీ కట్టాడు.

చీకట్లోంచి ఒక తాడు కొస వచ్చి అతని ఛాతీకి తగిలింది. కొత్త నైలాన్.

"కడియంలోంచి దూర్చు. నేను అనగానే లాగు. ఒకటి... రెండు... మూడు."

లాగాడు. అవతల అదీ లాగింది. రెక్క అర జానెడు దిగింది. మళ్లీ ఒకటి, రెండు, మూడు. మళ్లీ. ఎన్నిసార్లో అతనికి లెక్క లేదు. చివరికి రెక్క నిలిచాక ఒక ముడి పడింది. ఆ ముడి వేసిన వేళ్లు అతని వేళ్లకి తగిలాయి — మంచుగడ్డల్లా ఉన్నాయి.

ఆ తర్వాత ఇద్దరూ ఒకే చక్రానికి వీపు ఆనించి, తాడు కొస ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పారిపోదామనుకున్నాడు రోమెలియో. కాళ్లు రాలేదు. భయపడడానికైనా ఒంట్లో ఓపిక ఉండాలి కదా, అతని దగ్గర అదీ లేదు. దెయ్యం పక్కనే చతికిలబడ్డాడు.

కాసేపటికి అడిగాడు. "నువ్వు చచ్చిపోయావు కదా?"

"ఇంకా లేదు," అంది ఆ గొంతు. "తాడు వదలకు."

తూర్పు బూడిదరంగు తిరిగేసరికి గాలి అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. మొదటి చోట ఫావియో విమానం పక్కకి ఒరిగి, రెక్క విరిగి పడి ఉంది. నాలుగో చోట విమానం మాత్రం కదల్లేదు. లాంతరు పట్టుకుని, టీచరమ్మని పడుకోబెట్టిన బండి ముందు ఎల్వా పరుగున వచ్చింది. లాంతరు ఎత్తి చూసి ఆగిపోయింది.

"పస్తోరవ్వా... నువ్వేంటి ఇక్కడ?"

గోనెసంచి కింద ఉన్నది పస్తోరవ్వ. గుడి మెట్ల దగ్గర జున్ను రొట్టెలు అమ్మే ముసలమ్మ. కసియానో పెళ్లాం.

రోమెలియో వంగి ఆ ముఖంలోకి చూశాడు. "అవ్వా... ముప్పై ఏళ్లుగా నువ్వేనా?"

"ఇంకెవరనుకున్నావు? నీ గొంతు విని కూడా గుర్తుపట్టవేం? ఆదివారం ఆదివారం నా రొట్టెలేగా మింగేది."

"ఎందుకు చెప్పలేదు ఎవరికీ?"

అవ్వ రెండు చేతులతో మోకాళ్లు నొక్కుకుంది. "ఆయన పోయిన రాత్రి విమానానికి కట్టింది పచ్చితోలు పగ్గం నాయనా. నేను అల్లిందే. ఊళ్లో నా అల్లికకు సాటి లేదని పొగరు నాకు. నైలాన్ కొనాలంటే, నా పగ్గం ఉండగా అదెందుకు అన్నాను. ఆ తర్వాత రొట్టెలు అమ్మి నైలాన్ కొని ఈ కడియాలకి కట్టాను. రెండో రోజుకే ఎవడో హమాక్‌కి కోసుకుపోయాడు. మళ్లీ కట్టాను, మళ్లీ పోయింది. అప్పుడు సంతలో అన్నాను — నా మొగుడు రాత్రిళ్లు అక్కడ తిరుగుతున్నాడని. దెయ్యం తాడు ఎవడు ముట్టుకుంటాడు? పాపమే. ఫాదరు దగ్గర ఏటేటా ఒప్పుకుంటాను. ఏటేటా మళ్లీ అంటాను."

"మరి దెయ్యం ఉందని పైలట్లు అక్కడికే రావడం మానేశారు కదవ్వా."

"అది ముందు తట్టలేదు," అంది అవ్వ. "అందుకే ముడులు చూడ్డానికి మిగతా మూడు చోట్లకీ పోయేదాన్ని, ఒంట్లో ఉన్నంతకాలం. ఈ మధ్య అంత దూరం నడవలేకపోతున్నా. నిన్న ఫావియో వేసిన ముడి నేను చూడలేదు. చూసుంటే..." ఒరిగిపోయిన ఆ విమానం వైపు చూసింది.

టీచరమ్మని ఎక్కించారు. ఆవులని ఎల్వా అదిలించింది. రోమెలియో తాళ్లు విప్పి, అడ్డుచెక్కలు తీసి, మబ్బు కిందినుంచే ట్రినిదాద్ చేర్చాడు. ఆడపిల్ల. కోసి తీశారు, తల్లీ బిడ్డా బతికారు. దేవుడికి స్తోత్రం.

మధ్యాహ్నం అతను తిరిగొచ్చి, విమానం మళ్లీ నాలుగో చోటే కట్టేసి, నేరుగా పస్తోరవ్వ ఇంటికి వెళ్లాడు. ఆవిడ గుమ్మంలో, కాళ్లు వేడినీళ్లలో పెట్టుకుని కూర్చుని ఉంది. కబురు చెప్పాడు. ఆవిడ సిలువ గుర్తు వేసుకుంది. లోపలికి చేయి చూపించి, "ఆ మంచం కింద ఉన్నది తీసుకో," అంది.

మంచం కింద చుట్టలు చుట్టిన నైలాన్ తాళ్లు, ఒక గోనెసంచి.

"ఇవెందుకవ్వా?"

"నా మోకాళ్ల పని అయిపోయింది నాయనా. చాలా అలిసిపోయాను. ఇవాళ్టి నుంచి దెయ్యం నువ్వే."

అంతే నేను విన్నది. మీరు ఇంటికి వెళ్లేటప్పుడు దారిలో ఒకటి గుర్తుపెట్టుకోండి. పడవ కానివ్వండి, గొడ్డు కానివ్వండి, విమానం కానివ్వండి, మీది కట్టుకున్నాక వెంటనే వెళ్లిపోకండి. నాలుగడుగులు వేసి పక్కవాడి తాడు కూడా ఒకసారి చేత్తో లాగి చూడండి. వదులుగా ఉంటే బిగించండి. వాడికి చెప్పకపోయినా పరవాలేదు. రేపు చేయండి, ఎల్లుండి మళ్లీ చేయండి.