భాగ్య జేబులో రికార్డరు

"సోమవారం పిల్లను మూగపిల్లల హాస్టల్‌కు తోలుడే! ఇగ వేరే మాట లేదు!" అంది బుచ్చవ్వ, కొడుకు నరేశ్ అన్నం తింటుంటే. గోడకానుకుని నిలబడ్డ కోడలు సంధ్యారాణి గబుక్కున కూతురిని దగ్గరికి లాక్కుంది. భాగ్యకు నాలుగేళ్లు! తల్లి పక్కన తప్ప నిద్రపోదు...

"తల్లి పొద్దంత సాంచల కాడ ఉంటే పిల్లకు మాటలెట్లొస్తయి? నువ్వే దాన్ని మూగదాన్ని చేసినవ్!"

ఈ మాట సంధ్యారాణి వినని రోజు లేదు. తను కార్ఖానా మానేస్తే ఇల్లు గడవదని అత్తకూ తెలుసు. తెలిసీ అంటుంది! పోనీ చెడ్డ మనిషా అంటే, పగలంతా మనవరాలిని కంటికి రెప్పలా చూసుకునేది ఆవిడే. ముప్పై ఏళ్లు ఆవిడా సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపింది. ఆ చప్పుడులో చేతి సైగలే మాటలు. అవే భాగ్యకూ అలవడ్డాయి. ఆకలికో సైగ, నీళ్లకో సైగ, అమ్మ ఎప్పుడొస్తుందని అడగటానికి ఇంకోటి.

నరేశ్ తలెత్తలేదు. "ఆదివారం మేడమ్ వస్తది కదనే... ఆమె ఏమంటదో జర ఇందాం."

మేడమ్ అంటే పద్మారాణి. ఈ సలాబత్‌పురా పేటలోనే పుట్టిన నేతవాళ్ల ఆడపిల్లే. పిల్లలకు మాటలెలా వస్తాయో, కొందరికి ఎందుకు ఆలస్యమవుతాయో యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. పరీక్ష చేయిస్తే భాగ్య చెవులు బాగానే ఉన్నాయన్నారు. మొన్న గురువారం ఆమె ఒక చిన్న రికార్డరును పిల్ల చొక్కా జేబులో పెట్టి, సాయంత్రం వచ్చి తీసుకెళ్లింది.

ఆదివారం వచ్చి ఆమె పక్కన కూర్చోబెట్టుకున్నది సంధ్యారాణిని కాదు, బుచ్చవ్వను! చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టి సౌండు పూర్తిగా పెంచింది.

"బాపమ్మా..." ఏ పిల్లో నాయనమ్మను పిలుస్తున్న సన్నటి గొంతు. కాస్త ఆగి, "బాపమ్మా... నీల్లు..." మళ్లీ, "బాపమ్మా!"

"ఎవల పిల్ల ఇది?" అంది బుచ్చవ్వ.

పద్మారాణి ఇయర్‌ఫోన్లు తీసి, ఎదురుగా కూర్చుని గట్టిగా చెప్పింది. "మీ భాగ్యనే, అవ్వా. ఆ ఒక్కరోజే నిన్ను ఇరవై మూడుసార్లు పిలిచింది. ఇందాక నేనూ నీ ఎనక నిలబడి పిలిచిన. నువ్వు తిరగలే. సాంచల చప్పుడుకు నీ చెవులు పోయినయి. పెదాలు చూసి నెట్టుకొస్తున్నవ్. పగటి పూట పలికెటోళ్లు లేక పిల్ల సైగలు పట్టింది, అమ్మానాయన వచ్చినంక గూడ అవే చేస్తది. మాటలు ఆలస్యమే, ఓపిగ్గ నేర్పాలె, ఏడాది పట్టొచ్చు. కానీ మూగది కాదు."

సాంచల వాళ్లు గట్టిగా మాట్లాడటం మామూలే కదా, ఇంట్లో ఎవరికీ అనుమానమే రాలేదు! బుచ్చవ్వ కోడలి చెయ్యి పట్టుకుంది.

"గన్ని మాటలంటినే బిడ్డా... ఒక్కదానికన్నా ఎదురు చెప్పకపోతివి..."

"అట్లనకు అత్తమ్మా!" సంధ్యారాణి ఏడ్చేసింది.

"హాస్టల్ లేదు గీస్టల్ లేదు! ముందుగాల నా చెవులకు మిషన్ పెట్టియ్‌రా నరేశా. ఓ మేడమ్... అది ఇంకోసారి ఇనిపియ్యవ్వా."

ఆ పిలుపు మళ్లీ వినగానే, గురువారం నాటి ఆ పిలుపుకే, బుచ్చవ్వ ఇల్లు అదిరేలా పలికింది. "ఓ, బిడ్డా! ఓ!"

గడపలో ఆడుకుంటున్న భాగ్య ఉలిక్కిపడి చూసింది. బాపమ్మ అలా పలకటం ఎన్నడూ వినలేదు. దగ్గరికొచ్చి, నీళ్లకని చెయ్యెత్తి సైగ చేయబోయి, ఆగింది.

"నీల్లు," అంది.

బుచ్చవ్వ లేచి నీళ్లు తెచ్చింది.