కళ్ళకు కళ్ళు కలిసే ఎత్తు

గ్యాలరీ తలుపు తోసుకుని లోపలికొచ్చిన కుర్రాడు గోడల మీద తన ఫోటోల కోసం వెతికాడు. ఎక్కడా కనబడక కిందికి చూశాడు. అన్నీ అతని బెల్టుకు కాస్త పైన, వరసగా, బుద్ధిగా వేలాడుతున్నాయి.

మొదటి ఎగ్జిబిషన్. రేపు సాయంత్రమే ఓపెనింగ్. పాపం, కాళ్ళ కింద నేల కదిలినట్టయింది అతనికి.

"ఎవరండీ ఇవి తగిలించింది?"

మూల మోకాళ్ళ మీద కూర్చుని, గోడ నుంచి రాలిన పొడి తుడుస్తున్న అమ్మాయి తల తిప్పింది. పెదాల మధ్య రెండు మేకులున్నాయి. వాటిని తీసి జేబులో వేసుకుని, "నేనే" అంది. లేచి నిలబడింది. నిలబడ్డా పెద్ద తేడా ఏమీ రాలేదు, తల అతని చొక్కా రెండో బొత్తాం దగ్గరే ఆగిపోయింది.

"మీ ఎత్తుకు కొలుచుకున్నారా?" అన్నాడు అతను, వెటకారంగా.

"నా ఎత్తుకైతే ఇంకాస్త పైన ఉండేవి. ఇది కూర్చున్నవాళ్ళ ఎత్తు."

"ఫోటోలు చూడడానికి జనం ఎవరి కుర్చీ వాళ్ళు మోసుకొస్తారా?"

ఆ అమ్మాయిని గ్యాలరీలో అందరూ మేకు అంటారు. చూడ్డానికి చిన్నదే కానీ దిగిందంటే కదలదు. మన కుర్రాడికి స్కూల్లోనే నిచ్చెన అని పేరు పడింది, ఎందుకో చెప్పక్కర్లేదు. మేకూ నిచ్చెనా ఒకే గోడ దగ్గర ఉండాల్సినవే. ఆ సంగతి అప్పటికి వాళ్ళిద్దరికీ తెలియదు.

నిలబడ్డ మనిషి కళ్ళు ఎక్కడుంటాయో ఫోటో నడిమి భాగం అక్కడికి రావాలి. ఏ గ్యాలరీకి వెళ్ళినా అదే పద్ధతి, చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. ఆ మాటే అతను గట్టిగా చెప్పాడు. కోపం రావడానికి కారణం కూడా ఉంది. రేపు ఓపెనింగ్‌కి వస్తున్నది పెద్దావిడ, పేరుమోసిన ఫోటోగ్రాఫర్. ఫోటోగ్రఫీ ప్రేమికులెవరూ ఆమెను పేరు పెట్టి పిలవరు, పెద్దావిడ అంటే చాలు. ఏటా ఊరూరా కొత్తవాళ్ళ ఎగ్జిబిషన్లు చూసి, అందులో ఒక్కరిని ఎంచుకుని, తన పబ్లిషర్ చేత వాళ్ళ ఫోటోలను పుస్తకంగా వేయిస్తుంది. ఈ ఏడు ఇంకా ఎవరినీ ఎంచుకోలేదు.

ఇక ఇంట్లో సంగతి. నాన్నది పాస్‌పోర్ట్ ఫోటోల స్టూడియో. కొడుకు అందులోనే పనిచేస్తూ, పక్కన ఇంకో కెమెరా పెట్టుకున్నాడు. నాన్న "అయిపోయింది, లేవండి" అనగానే స్టూలు మీదున్న మనిషి బిగబట్టిన ఊపిరి వదిలేస్తాడు చూడండి, భుజాలు దిగి, ముఖంలోకి అసలు మనిషి వచ్చేస్తాడే, సరిగ్గా ఆ క్షణాన్ని తీస్తాడు. వచ్చినవాళ్ళను అడిగే తీస్తాడు, దొంగచాటుగా కాదు. ఆ ఫోటోలే ఈ గోడల మీదున్నవి.

నాన్నకు అవి నచ్చలేదు. ఫోటో అయిపోయాక తీసేది ఫోటో ఎలా అవుతుందిరా అనేవాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, నువ్వేమో ఇంట్లో ఉన్న కెమెరా వదిలేసి రచ్చకెక్కుతున్నావు అనేవాడు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఈ ఎగ్జిబిషన్‌తో ఏదైనా తేలితే సరే. లేదంటే రెండో కెమెరా బీరువాలోకి, కొడుకు కౌంటర్లోకి.

ఇంత బరువు నెత్తిన పెట్టుకుని వచ్చినవాడికి ఫోటోలు బెల్టు దగ్గర కనిపిస్తే ఒళ్ళు మండదా మరి.

మేకు అతను చెప్పిందంతా ఓపిగ్గా వింది. తర్వాత నింపాదిగా, "రేపు పెద్దావిడ కూర్చునే చూస్తారు" అంది.

"ఎవరు చెప్పారు మీకు?"

"ఆవిడ పుస్తకాలే చెప్పాయి."

పుండు మీద కారం చల్లినట్టయింది. పెద్దావిడ తన సొంత ఫోటోలతో వేసిన ప్రతి పుస్తకం అతని దగ్గరుంది. ఆమె ఎగ్జిబిషన్ ఎక్కడ పెట్టినా రైలెక్కి వెళ్ళొచ్చాడు. ఆమె భక్తుల్లో తనను మించినవాడు లేడని అతని నమ్మకం. ఇంటర్వ్యూలు ఇవ్వని, తన ఫోటో ఎవర్నీ తీయనివ్వని మనిషి గురించి ఈ మేకులు కొట్టే అమ్మాయికి ఏం తెలుసని. స్టూడియో, దాని వెనకే ఇల్లు, పక్కవీధిలోనే. వెళ్ళి పుస్తకాలన్నీ రెండు చేతుల్లో మోసుకొచ్చి, ఆఫీసు గది బల్ల మీద దభీమని పడేశాడు. చూపించండి అన్నాడు.

మేకు చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చింది. పేజీ అంచు పట్టుకుని తిప్పే తీరు చూడగానే అతని కోపం కాస్త మెత్తబడింది. పుస్తకాన్ని అలా తిప్పేవాళ్ళు ఎక్కువమంది ఉండరు.

పాత పుస్తకం తెరిచింది. అందులో బల్లలన్నీ పైనుంచి కనబడుతున్నాయి, గ్లాసుల్లో నీళ్ళు కూడా కనబడుతున్నాయి. పిల్లల తలల మీద పాపిడి కనబడుతోంది. తర్వాత చివరి రెండు పుస్తకాలు తెరిచింది. బల్ల సన్నటి గీతగా మారిపోయింది. పిల్లలు సూటిగా చూస్తున్నారు. పెద్దవాళ్ళకేమో గడ్డాలు ముందు కనబడుతున్నాయి.

"కెమెరా కిందికి దిగింది" అంది మేకు.

"స్టైల్ మార్చారేమో."

"ఒక ఫోటోలో అయితే స్టైల్. రెండు పుస్తకాలకు సరిపడా వంగి తీయడానికి ఆవిడ నడుమేమన్నా పడుచుపిల్ల నడుమా?"

ఆమె చివరి పుస్తకంలో చివరి ఫోటో ఉన్న పేజీ తెరిచింది. మూసేసిన కొట్టు, దాని గాజు తలుపులో వీధి నీడ. అతనికి ప్రాణమైన ఫోటో అది, తన గదిలో గోడకు కూడా అంటించుకున్నాడు. మేకు వేలు ఆ గాజులో ఒకచోట ఆగింది. మసకమసగ్గా ఒక తల, ముందు కెమెరా. ఆ తల తలుపు పిడి పక్కన, కూర్చున్న మనిషి ఎత్తులో ఉంది.

రోజూ నిద్ర లేవగానే చూసే ఫోటో. ఇన్నాళ్ళూ తలుపు పిడి చూశాడు, తలను చూడలేదు. అతనికి సిగ్గేసింది.

బయట వాన మొదలైంది.

"ఆవిడ రాకపోయినా నేను ఇదే ఎత్తులో పెట్టేదాన్ని" అంది మేకు, ఈసారి మెల్లగా. "మీ ఫోటోల్లో వాళ్ళు స్టూలు మీదున్నారు. మీరూ కూర్చునే తీశారు. నిలబడి చూస్తే వాళ్ళు మనకంటే తక్కువవాళ్ళలా ఉన్నారు. ఒక్కసారి కూర్చోండి."

అతను హాల్లోకి వెళ్ళి, ఖాళీ చెక్కపెట్టె మీద కూర్చున్నాడు. ఎదురుగా ఫోటోలో ఒక బస్సు డ్రైవరు, అప్పుడే ఊపిరి వదిలిన ముఖంతో, అతని కళ్ళలోకి చూస్తున్నాడు. స్టూడియోలో ఆ పూట ఎలా చూశాడో అలాగే. కెమెరా ఎప్పుడూ కూర్చున్నవాడి కళ్ళ దగ్గరే ఉండాలిరా, పైనుంచి చూస్తే మనిషి చిన్నవాడైపోతాడు అని నాన్న చిన్నప్పటి నుంచి చెప్పేవాడు. ఆ మాట ఇప్పుడు ఈ పొట్టి అమ్మాయి గోడకెక్కించింది.

మరి పెద్దావిడ నడుచుకుంటూ వస్తే అని అడిగాడు. మీ పుస్తకం పోతుంది, నా ఉద్యోగం పోతుంది, సరికి సరి అంది మేకు. మేనేజర్ మేడమ్ ఊళ్ళో లేదు, రేపు సాయంత్రానికి గానీ రాదు. ఈ ఎత్తు సంగతి ఆవిడకు తెలియదు.

అప్పటికీ టైముంది. అన్నీ ఊడదీసి పైకెక్కించొచ్చు. అతను చాలాసేపు ఆ డ్రైవరును చూశాడు.

"ఉండనివ్వండి" అన్నాడు.

ఇంటికి బయల్దేరితే ఇద్దరికీ కలిపి ఒక్కటే గొడుగు. ఆమె పట్టుకుంటే కమ్మీలు అతని ముక్కుకు తగులుతున్నాయి. అతను పట్టుకుంటే వాన తిన్నగా ఆమె ముఖాన కొడుతోంది. వీధి చివరికి వచ్చేసరికి అతను గొడుగు కిందికి దించి, నడుము వంచి, కొంగలా నడుస్తున్నాడు. ఆమె నవ్వాపుకోలేకపోయింది. రేపటికి మీ నడుము కూడా పెద్దావిడ నడుమైపోతుంది అంది. అతనికి మాత్రం వీధి తొందరగా అయిపోయిందనిపించింది.

మర్నాడు సాయంత్రం కూడా వానే. వచ్చినవాళ్ళు గొడుగులు మూల పెట్టి, గోడలు చూసి, ముఖాలు చిట్లించారు. కొందరు వంగారు. ఒకాయన వంగి, నడుము పట్టేసి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు. ఊరి నుంచి దిగిన మేడమ్ హాల్లో అడుగుపెట్టగానే ముఖం కందగడ్డయింది.

అప్పుడే కారొచ్చింది. తలుపు తెరుచుకుంది. పెద్దావిడ దిగింది, తన రెండు కాళ్ళ మీద. చేతికర్ర ఉంది కానీ, నిటారుగా నడుచుకుంటూ మెట్లెక్కి లోపలికి వచ్చేసింది.

నిచ్చెన మేకు వైపు చూశాడు. మేకు ముఖం పాలిపోయింది.

"ఎవరు చేశారీ పని?" అంది మేడమ్ పళ్ళ బిగువున.

మేకు నోరు తెరిచింది. అంతకంటే ముందే అతని గొంతు వినిపించింది.

"నేనే మేడమ్. వద్దంటున్నా నేనే పట్టుబట్టి పెట్టించాను."

మేకు తలెత్తి అతన్ని చూసింది.

పెద్దావిడ మొదటి ఫోటో ముందు ఆగింది. వంగి చూసింది. రెండో దాని దగ్గరకు వెళ్ళింది. కర్ర మీద బరువంతా ఆన్చింది. మూడో దాని దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, "అమ్మా, కుర్చీ ఏదన్నా ఉందా?" అని అడిగింది.

మేకు పరిగెత్తింది. ఆఫీసు గదిలో చక్రాల కుర్చీ పొద్దుటి నుంచే సిద్ధంగా ఉంది, చక్రాలకు నూనె కూడా వేసింది. పెద్దావిడ అందులో కూలబడి హమ్మయ్య అంది. కారు నుంచి హాలు దాకా నడిచే ఓపికే డాక్టరు తనకు మిగిల్చాడని, అది కాస్తా ఇప్పుడే ఖర్చయిపోయిందని చెప్పింది. తర్వాత కర్రతో నేలను తోసుకుంటూ మళ్ళీ మొదటి ఫోటో దగ్గరకు వెళ్ళింది.

ఈసారి కదల్లేదు. బస్సు డ్రైవరూ ఆవిడా ఒకరినొకరు చూసుకున్నారు.

నడుము పట్టేసిన ఆయన మెల్లగా గొంతుక్కూర్చున్నాడు. ఆయన భార్య చెప్పులు విడిచి నేల మీదే కూర్చుంది. పక్కన ఇంకొకరు, వాళ్ళ పక్కన ఇంకొకరు. చూస్తుండగానే హాలంతా కూర్చుంది. గోడల మీద ఊపిరి వదిలిన మనుషులు, నేల మీద ఊపిరి బిగబట్టిన మనుషులు, కళ్ళకు కళ్ళు కలిపి.

"ఈమధ్య ఎక్కడికెళ్ళినా కుర్చీలోంచి తల పైకెత్తి, ఫోటోల అద్దాల మీద మెరిసే లైట్లు చూసి ఇంటికి పోతున్నాను" అంది పెద్దావిడ చివరికి. "ఇవాళ మనుషుల్ని చూశాను. ఈ ఎత్తు ఎవరి ఆలోచన?"

మేడమ్ ముఖంలో కందగడ్డ మాయమై చిరునవ్వు వచ్చింది. ఈ అబ్బాయిదేనండీ అంది.

"కాదండీ" అన్నాడు నిచ్చెన. "తిట్లు పడతాయనుకుని నాదన్నాను. మెచ్చుకుంటున్నారు కాబట్టి నిజం చెప్పాలి. అంతా ఈమెదే."

మేకు ఆ మూసేసిన కొట్టు ఫోటో సంగతి, గాజులో తల సంగతి చెప్పింది. పెద్దావిడ పకపకా నవ్వింది. ఎంతమంది ఆ పుస్తకం చూశారో, ఎంతమంది దాని మీద పేజీలకు పేజీలు రాశారో, ఆ తలుపు పిడి దగ్గర నన్ను పట్టుకున్నది నువ్వొక్కదానివే అంది. ఈ ఏటి పుస్తకం ఈ అబ్బాయిదేనని అందరి ముందూ చెప్పింది.

"ఒక్క షరతు. ఏ ఫోటో పక్కన ఏది రావాలో ఈ పిల్లే కూర్చాలి. నువ్వు మధ్యలో వేలు పెట్టకూడదు."

"వేలేంటండీ, ఊపిరి కూడా పెట్టను" అన్నాడతను. హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

ఆ చప్పట్లలో అతనికి గుమ్మం దగ్గర ఒక మనిషి కనిపించాడు. నేల మీద కూర్చుని ఉన్నాడు, రెయిన్‌కోటు నుంచి నీళ్ళు కారుతున్నాయి. నాన్న. రానన్నవాడు స్టూడియో మూసి మరీ వచ్చాడు. ఎదురుగా తన స్టూలు, తను రోజూ లేవండి అని పంపేసిన మనుషులు. వాళ్ళనింత తీరిగ్గా ఆయనెప్పుడూ చూడలేదు. కళ్ళు తుడుచుకుని, వాన అన్నాడు. కొడుకు అవును నాన్నా, వానే అన్నాడు.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నువ్వు రచ్చ గెలిచి ఇంటికొస్తున్నావు" అన్నాడు నాన్న. "ఏం చేస్తాం, తలుపు తీయక తప్పదు."

పుస్తకం వెనక వేయడానికి ఇద్దరి ఫోటో పంపమని పబ్లిషర్ అడిగాడు. మంచి ఎండ కాసిన ఒక ఉదయం, మేకు స్టూడియోకు వచ్చింది. అప్పటికి అండీలు, గార్లు పోయి చాలా రోజులైంది.

నాన్న ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి, కెమెరాలోంచి చూసి, తల పట్టుకున్నాడు. ఆమె ముఖం వస్తే ఇతనికి తల లేదు. ఇతని తల వస్తే ఆమె లేనే లేదు. ఒరేయ్, నువ్వు స్టూలు మీద కూర్చో అన్నాడు. కూర్చున్నాడు. ఆమె పక్కన నిలబడింది.

ఇద్దరి కళ్ళూ ఒకే ఎత్తుకు వచ్చాయి. నాన్న కెమెరాను ఆ ఎత్తుకు బిగించి, కదలకండి అని, నొక్కి, అయిపోయింది లేవండి అన్నాడు.

అతను ఊపిరి వదిలాడు. లేవలేదు. ఆమె వైపు తిరిగాడు.

"నువ్వంటే నాకు చాలా ఇష్టం. గొడుగు కింద వంగి నడిచిన రోజు నుంచీ. నీ పక్కనైతే జన్మంతా ఇలా కూర్చునే ఉంటాను."

"ఎప్పుడూ కూర్చునే ఉంటే పై వరస మేకులు ఎవరు కొడతారు?" అంది ఆమె. "అందరి ముందూ తిట్లు నీ మీదేసుకున్నావే, ఆ రోజే చెబుదామనుకున్నాను. నాకూ ఇష్టమే. చాలా."

అప్పుడు క్లిక్‌మంది.

ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. నాన్న చేతిలో రెండో కెమెరా ఉంది.

"ఫోటో అయిపోయాక తీసేదే అసలు ఫోటో అట" అన్నాడాయన. "ఎవడో గోడల నిండా పెడితే చూసొచ్చాను."

పుస్తకం ఇప్పుడు షాపుల్లో ఉంది. చివరి పేజీ తిప్పి చూడండి. ఒక నిచ్చెన కూర్చుని, ఒక మేకు నిలబడి, నవ్వుతూ ఉంటారు. ఆ ఫోటో కింద మాత్రం, తీసినవారు: నాన్న అని ఉంటుంది.